అత్త చేతిని ఏ కుక్కా కరవలేదు

మా అత్త కుక్కలకు స్నానం చేయిస్తుంది. ఇళ్ళకే వెళ్ళి చేయిస్తుంది. పద్నాలుగేళ్ళుగా అదే పని. మా చుట్టుపక్కల పది పన్నెండు అపార్టుమెంట్లలో ఆమెను ఎరగని గేటు లేదు, కానీ ఆమె పేరు ఎవరికీ తెలియదు. 'స్నానాలావిడ' అంటే వాచ్‌మన్ తలుపు తీస్తాడు. ఆ ఇళ్ళలో కుక్కకు ఒక పేరు, ఒక ముద్దుపేరు, ఒక పుట్టినరోజు ఉంటాయి. దాని చంకలు తోమే మనిషికి పేరెందుకు?

ఆమె మా నాన్న చెల్లెలు. నాన్న పోయాక నన్ను తెచ్చుకుని పెంచింది. ఇంట్లో మేమిద్దరమే. నేను పుస్తకాలకు అట్టలు వేసే షాపులో పనిచేస్తాను. పొద్దున్నే ఆమెను, ఆమె ప్లాస్టిక్ టబ్బును బండి మీద మొదటి ఇంటి దగ్గర దింపి నా దారిన నేను పోతాను.

కుక్కకు స్నానం అనగానే అందరూ తల మీద నుంచి నీళ్ళు గుమ్మరిస్తారు. అత్త వెనక కాళ్ళ దగ్గర మొదలుపెడుతుంది. కాళ్ళు, నడుము, వీపు, పొట్ట, ఛాతీ, మెడ. తల అన్నిటికన్నా చివర, అదీ తడిగుడ్డతో తుడవడమే. తల తడిసిందంటే కుక్క ఒళ్ళంతా విదిలిస్తుంది, అప్పుడు స్నానం కుక్కకు కాదు, గోడలకు. నీళ్ళు ముట్టుకోకముందే టబ్బు అడుగున పాత గోనెసంచి పరుస్తుంది.

"కుక్కకు నీళ్ళంటే భయం కాదురా. కాలు జారుతుందేమోనని భయం. మనకు మాత్రం కాదా?" అంటుంది.

గోనె పరిచినా భయపడే కుక్కలుంటాయి. వాటి కోసం ఆమె దగ్గర ఒకే ఉపాయం ఉంది. ఎడమచేతి మణికట్టు తీసుకెళ్ళి దాని నోట్లో పెడుతుంది, చంటిపిల్లకు వేలు అందించినట్టు. కుక్క దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని నిలబడుతుంది. కొరకదు, వదలదు. కుడిచేత్తో ఆమె సబ్బు రుద్దడం, కడగడం, తుడవడం అన్నీ కానిచ్చేస్తుంది.

ఇది ఆమె ఎక్కడా నేర్చుకున్నది కాదు. మొదట్లో ఇళ్ళలో అంట్లు తోమేది. ఒక ఇంట్లో గుర్రమంత కుక్క ఉండేది. దానికి స్నానం అంటే ఇంటాయన తలుపు వెనక, కొడుకు మంచం మీద. ఒకరోజు ఆ కుక్క బెదిరిపోయి, పక్కన గిన్నెలు కడుగుతున్న అత్త చెయ్యి పట్టేసుకుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు. "పట్టుకో నాన్నా, పట్టుకో" అంటూ రెండో చేత్తో దాని వీపు తోమేసింది. ఇంటాయన తలుపు సందులోంచి చూసి, ఆ వారం నుంచే ఆమెను గిన్నెల దగ్గర్నుంచి కుక్క దగ్గరికి మార్చాడు. దాన్ని ఆమె ప్రమోషన్ అని చెప్పుకుంటుంది.

"పట్టుకోవడానికి ఏదో ఒకటుంటే ధైర్యంరా. పిల్లలు కొంగు పట్టుకోరూ?" అంటుంది. ఆ వెంటనే, "నన్ను ఇంతవరకు ఒక్క కుక్కా కరవలేదు" అంటుంది. ఆ రెండో మాట ఆమె గొప్ప కోసం అనేది కాదు. ఆమెకున్న ఒకే ఒక సర్టిఫికెట్ అది.

ఎందుకంటే ఈమధ్య మా వీధుల్లోకి ఒక వ్యాను వచ్చింది. నీళ్ళు, వేడిగాలి మిషను, సువాసన డబ్బాలు, యూనిఫాం వేసుకున్న ఇద్దరు మనుషులు, అంతా వ్యానులోనే. కుక్కను ఎక్కించగానే మూతికి బుట్ట బిగిస్తారు. కుక్క లోపల ఏడుస్తుంది, బయటికి నురగలా మెరుస్తూ వస్తుంది. అత్త చేసే ఇళ్ళు సగానికి సగం వ్యానుకు పోయాయి. మిగిలినవి ఒకే కారణం మీద మిగిలాయి: ఆమె మూతిబుట్ట కట్టదు, ఆమెను కుక్క కరవదు. మా పొయ్యి ఆ మాట మీద వెలుగుతోంది.

ఇక ఆమె చేతుల సంగతి. రోజంతా సబ్బునీళ్ళలో నానీ నానీ వేళ్ళ సందులు పగిలిపోయి ఉంటాయి. మణికట్టు చుట్టూ చర్మం ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంటుంది. ఇంటికొచ్చి వాజలీను రాసుకుని, నవ్వుతూ, "అద్దె గాజులు, మన ఇంటద్దె కట్టేవి ఇవే" అని చూపిస్తుంది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నెర్రెల్లోకి ఏదైనా వెళ్ళగలదని నాకెప్పుడూ తట్టలేదు.

అత్తకు మిగిలిన ఇళ్ళలో కంట్రాక్టరు గారి ఇల్లు ఒకటి, మూడో అంతస్తులో. వాళ్ళ కుక్క రంగును బట్టి దాన్ని బూడిద అని పిలుస్తారు. అత్త చేసే కుక్కలన్నిటిలోకీ బుద్ధిమంతురాలు. బకెట్ చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొచ్చి తనే టబ్బులో నిలబడేది. దానికి మణికట్టు కూడా అక్కర్లేదు.

ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. టబ్బు నేనే మోసుకుని అత్త వెనకాల మెట్లెక్కాను. కంట్రాక్టరు గారి భార్య తలుపు తీసింది. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వచ్చావా? నీకోసమే చూస్తున్నా. రెండు రోజుల్నుంచి అది సరిగ్గా తినట్లేదు. నోట్లోంచి ఒకటే సొంగ. ఎముక ముక్కేదో గొంతులో ఇరుక్కుందేమో, కాస్త చూడు. నువ్వైతేనే చూడనిస్తుంది."

"ఎముకా? ఎంత పని చేశావే పిచ్చిమొహమా! ఏదీ?" అంటూ అత్త లోపలికి వెళ్ళింది.

నేను బాత్రూములో టబ్బు పెట్టి, బకెట్ కింద కుళాయి తిప్పాను. నీళ్ళు పడుతున్నాయి. బూడిద రాలేదు. బకెట్ నిండింది. అయినా రాలేదు.

భోజనాల బల్ల కింద, కిటికీ వెలుగు పడని వైపు పడుకుని ఉంది. అత్త పిలిస్తే తల ఎత్తింది కానీ తోక కదలలేదు. ఒకసారి మొరిగింది. ఆ మొరుగు దానిది కాదు. బొంగురుపోయి, మధ్యలో విరిగిపోయి, ఎవరో తలుపు అవతలి నుంచి పిలిచినట్టుంది. కింది దవడ కొద్దిగా వేలాడుతోంది. దాని పక్కనున్న బల్ల కాలు కొరికి కొరికి తెల్లగా తేలింది. ఇంటావిడ నీళ్ళ గిన్నె ముందుకు తోస్తే నాలుక ముంచింది. ఒక్క చుక్కా లోపలికి పోలేదు. అన్నీ నోటి పక్కనుంచి జారి నేల మీద పడ్డాయి.

"చూశావా, మింగలేకపోతోంది" అందావిడ.

అత్త బల్ల కిందకి వంగి, దాని దవడ పట్టుకుని నోట్లోకి చెయ్యి పెట్టింది. వేళ్ళతో నాలుక మొదలు దాకా తడిమింది. "ఎముకేం లేదమ్మా" అంది. చెయ్యి మోచేతి దాకా సొంగతో తడిసి మెరుస్తోంది.

"అయితే వేడి చేసిందేమో. ఒకసారి స్నానం చేయించు, హాయిగా ఉంటుంది."

"అత్తా, ఇవాళ వద్దులే" అన్నాను. ఎందుకన్నానో నాకప్పుడు తెలియదు.

"నువ్వు పోరా, నీ షాపుకు టైమవుతోంది" అంది అత్త.

ఇద్దరూ కలిసి బూడిదను బాత్రూములోకి నడిపించారు. నడక తూలుతోంది. తనంతట తాను టబ్బులోకి దూకే కుక్క, అంచు దగ్గర ఆగి గోడ వైపు చూస్తోంది. అత్త దాన్ని ఎత్తి గోనె మీద నిలబెట్టి, మొదటిసారిగా దానికి మణికట్టు అందించింది. "పట్టుకో నాన్నా, పట్టుకో."

పట్టుకుంది. వెనక కాళ్ళ మీద మొదటి చెంబు నీళ్ళు పడ్డాయి. బూడిద గుర్రుమనలేదు, కళ్ళు ఎర్ర చేయలేదు. దవడ మాత్రం మూసుకుంది. అత్త మొహం ఒక్క క్షణం బిగుసుకుపోవడం నేను తలుపు దగ్గర్నుంచి చూశాను. తర్వాత దవడ దానంతటదే వదులైంది. మణికట్టు మీద రెండు చిన్న గుంటలు, వాటి మధ్య సన్నగా ఒక ఎర్రటి గీత.

"కరిచిందా?" అంది ఇంటావిడ, గాభరాగా.

అత్త గబుక్కున చెయ్యి కుళాయి కింద పెట్టింది. "లేదు మేడమ్. పట్టుకుంది."

"అవునవును. పట్టుకుందంతే" అందావిడ, ఒక పెద్ద బరువు దిగినట్టు.

ఒక్క మాట ఇద్దరికీ కావలసొచ్చింది. ఒకరికి తమ కుక్క మంచిదై ఉండాలి. ఇంకొకరికి తన పద్నాలుగేళ్ళు నిజమై ఉండాలి. మాట కుదిరింది. అత్త చెయ్యి సబ్బుతో కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, స్నానం పూర్తి చేసింది.

బండి మీద నేను నోరు తెరిచాను. "ఆసుపత్రికి పోదాం. ఇంజెక్షన్ వేయించుకో."

"దేనికి?"

"కుక్క కరిచిందానికి."

"కరవలేదన్నానా!"

"మరి ఆ రక్తం ఏంటి? గోరింటాకా?"

"నీ నోరు పడ! ఇంజెక్షన్ గది దగ్గర కూర్చునే నర్సు ఎక్కడుంటుందో తెలుసా? ఆ పక్క బిల్డింగులోనే. వాళ్ళ బొచ్చుకుక్కకు స్నానం ఎవరు చేయిస్తారు? నేనే. నేను వెళ్ళి 'అమ్మా, కుక్క కరిచింది' అని పేరు రాయించుకుంటే సాయంత్రానికి ఊరంతా పాకిపోతుంది. రేపు పొద్దున ప్రతి గేటు ముందూ వ్యానే ఉంటుంది."

"వ్యానుంటే ఉండనీ. నువ్వుండాలిగా."

"ఒరేయ్, పిచ్చెక్కేది వీధి కుక్కలకిరా. దానికి పరుపుంది, దుప్పటుంది, చలికాలం స్వెట్టరు కూడా ఉంది."

"రోగం స్వెట్టరు చూసి ఆగిపోతుందా?"

ఆమె నవ్వింది. నా వీపు మీద ఒకటి వేసి, రెండో ఇంటి దగ్గర దిగిపోయింది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాన్ని జిగురు ఆరేలోపు చదవడం నా అలవాటు. మర్నాడు కంట్రాక్టరు గారి బిల్డింగు వాచ్‌మన్‌ను టీకి పిలిచి ఆరా తీస్తే ఇంకో సంగతి బయటపడింది. నెల కిందట బూడిద గేటు దాటి పారిపోయిందట, వీధి కుక్కలతో కొట్లాడి పెదవి చీల్చుకుని వచ్చిందట. ఏటా వేయించాల్సిన టీకా రెండేళ్ళుగా వేయించలేదట. ఈ సంగతి వాళ్ళింటి డ్రైవరు చెప్పాడన్నాడు. నేను షాపుకు పోయి, అట్టకిచ్చినవాళ్ళు తిరిగి తీసుకెళ్ళని పాత వైద్య పుస్తకాలు బీరువాలో ఉంటే దింపి వెతికాను. పిచ్చికుక్క రోగం గురించిన పేజీ దొరికింది. దవడ వేలాడటం, సొంగ, గొంతు మారడం, ఎముక అడ్డం పడిందని ఇంటివాళ్ళు పొరబడి నోట్లో చెయ్యి పెట్టడం. నేను చూసిందంతా ఎవరో ముందే చూసి రాసిపెట్టినట్టుంది. రోగం బయటపడ్డాక మనిషికి గుక్కెడు నీళ్ళు కూడా గొంతు దిగవని, ఇక బతకడని, బయటపడకముందు మాత్రం ఇంజెక్షన్లకు లొంగుతుందని రాసుంది. చదువుతుంటే నా వేళ్ళకున్న జిగురు పేజీకి అంటుకుపోయింది.

ఆ పుస్తకం తీసుకెళ్ళి, ఆ పేజీ అత్తకు చదివి వినిపించాను. ఆమె అన్నం కలుపుతూ విన్నది, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"పది రోజులు కుక్క బాగుంటే భయం లేదని కూడా రాసుందిగా" అంది.

"ముందు ఇంజెక్షన్ మొదలుపెట్టి, తర్వాత కుక్కను చూడమని రాసుంది."

"నువ్వు అట్టలు వేస్తావా, లేక డాక్టరువా? పది రోజులు చూద్దాం. బూడిద బాగుంటుంది. నాకు తెలుసు దాని సంగతి."

"సరే. నేను వెళ్ళి దాన్ని చూసొస్తాను. బాగా లేకపోతే?"

ఆమె ముద్ద ఆపింది. "బాగా లేకపోతే అప్పుడు చూద్దాం."

మూడో రోజు సాయంత్రం పని ఎగ్గొట్టి కంట్రాక్టరు గారి ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ గొలుసు తీయకుండా, జానెడు సందులోంచి చూసింది.

"కుక్కను ఒకసారి చూసి పోతానండి."

"అది ఇక్కడ లేదబ్బాయ్. తోట ఉన్న చుట్టాలింటికి పంపేశాం. ఇక్కడ దానికి ఊపిరాడట్లేదు. అక్కడ హాయిగా తిరుగుతోంది."

"బాగా తింటోందా?"

"సుబ్బరంగా."

"ఒక్కసారి వాళ్ళకు ఫోన్ చేసి చూపించండి. వీడియోలో చాలు."

"ఏంటయ్యా నువ్వు, పోలీసులా! మీ అత్తే చెప్పింది కదా, కరవలేదని."

లోపలినుంచి కంట్రాక్టరు గారి గొంతు వచ్చింది. "ఎవరే అది? తలుపెయ్యి."

ఆవిడ వెనక్కి తిరిగింది. ఇంట్లోంచి ఫినాయిలు వాసన గుప్పున కొట్టింది. భోజనాల బల్ల గోడకు జరిపి ఉంది. బూడిద తినే గిన్నె, తాగే గిన్నె కడిగి, కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్నాయి. తలుపు వేయబోతూ ఆవిడ చెయ్యెత్తింది. నైటీ చేయి పైకి జరిగింది. భుజం కింద చిన్న దూది ఉండ, దాని మీద అడ్డంగా అంటించిన తెల్లటి పట్టీ.

నా చూపు అక్కడ ఆగడం ఆవిడ చూసింది. రెండో చేత్తో నైటీ కిందికి లాక్కుంది. అంత పెద్ద ఇల్లున్న మనిషి, చిరిగిన బట్ట కప్పుకున్నట్టు కప్పుకుంది. తలుపు పడింది.

మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. కింద వాచ్‌మన్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"నేను చెప్పానని చెప్పకు తమ్ముడూ. ఇవాళ తెల్లారేసరికి అది పోయింది. దుప్పట్లో చుట్టి కారులో తీసుకెళ్ళారు. ఆ వెంటనే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పోయొచ్చారు, డ్రైవరుతో సహా."

డ్రైవరుతో సహా. స్నానాలావిడ ఒక్కతే లెక్కలోకి రాలేదు. వాళ్ళు ఆమెను మర్చిపోలేదు. ఆమెకు చెబితే తాము టీకా సంగతి దాచి మూడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నామని కూడా చెప్పాలి. అంతే సంగతి.

అత్త ఆ వేళకు వెనక వీధిలో ఒక ఇంట్లో ఉంటుందని తెలుసు. వెళ్ళాను. పెరట్లో ఒక నల్లకుక్క టబ్బులో నిలబడి ఉంది. అత్త ఎడమ మణికట్టు దాని నోట్లో ఉంది. గుడ్డ విప్పేసింది. గుంటలు మానుతున్నాయి. ఎప్పట్లాగే కుడిచేత్తో రుద్దుతూ ఏదో కబురు చెబుతోంది దానికి. నేను పని అయ్యేదాకా ఆగాను. ఆ పావుగంట ఆమెను చూస్తూ నిలబడటం కన్నా కష్టమైన పని నా జీవితంలో చేయలేదు.

బయటికొచ్చాక చెప్పాను. కుక్క సంగతి, ఫినాయిలు సంగతి, దూది సంగతి. ఆమె టబ్బు కింద పెట్టి దాని అంచు మీద కూర్చుంది.

"ఏ చేతికుంది దూది?"

"ఎడమ చేతికి."

"కొత్తదా, పాతదా?"

"తెల్లగా ఉంది అత్తా. కొత్తదే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చివరికి అంది: "వెళ్ళేటప్పుడు నన్ను ఒక్క కేక వేసుంటే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం కదరా."

నాలుగో రోజు పొద్దున ఆసుపత్రి తెరవకముందే వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. పక్క బిల్డింగు నర్సు రిజిస్టరు తెరిచి, తల ఎత్తకుండానే అడిగింది. "కరిచిందా, గీరిందా, నాకిందా?"

అత్త నోరు తెరిచింది. మళ్ళీ మూసి, మణికట్టును కొంగు కింద దాచుకుంది. వెనకున్న వాళ్ళు విసుక్కుంటున్నారు. నేను చెప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది, ఎడమచేత్తో, గట్టిగా.

"కరిచింది" అంది.

నర్సు తల ఎత్తింది. "నిన్నా? నిన్ను కరిచిందా!"

"నన్నే. కంట్రాక్టరు గారి కుక్క. కరిచింది. చచ్చిపోయింది కూడా."

"ఎన్ని రోజులైంది?"

"ఇవాళ్టికి నాలుగు."

నర్సు పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆమె అత్తను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. "గాయం చుట్టూ ఇవ్వాల్సిన మందు ఇంకోటుంది. అది ఇవాళ లేదు. రేపొస్తుంది. రేపు తప్పకుండా రా" అని మాత్రం అంది. మొదటి సూది పడింది. ఆ రెండో మందు రేపు రాలేదు. ఎల్లుండి వచ్చింది. సూదిని మణికట్టులోనే గుచ్చారు, రెండు గుంటల చుట్టూ. అత్త గోడ వైపు చూస్తూ కూర్చుంది. పట్టుకోవడానికి ఏమీ లేక కుర్చీ చేయి పట్టుకుంది.

నర్సు ఎవరికీ చెప్పలేదు. కంట్రాక్టరు గారి భార్యే చెప్పింది. స్నానాలావిడ ఏదో చేసుంటుంది, లేకపోతే మా బూడిద అలా కరిచేదా అని అందట. నాలుగు ఇళ్ళు వ్యానుకు పోయాయి. ఉన్న ఇళ్ళకు అత్త ఇంకా వెళుతోంది. ఇప్పుడు మణికట్టు ఇవ్వదు, తువ్వాలు చుట్ట చేసి ఇస్తుంది. కుక్కలు ఆ చుట్ట వాసన చూసి, పక్కకు తోసేసి, ఆమె చెయ్యి కోసం వెతుకుతాయి. సంచి అడుగున కొత్త మూతిబుట్ట ఒకటి ఉంది. దాని కాగితం ఇంకా విప్పలేదు.

ఇది రాసేనాటికి ముప్పై ఆరో రోజు. సూదులన్నీ అయిపోయాయి. ఇక భయం లేదనే డాక్టరు చెప్పాడు. ఆలస్యంగా మొదలుపెట్టారు కాబట్టి కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండమని కూడా చెప్పాడు. ఎన్నాళ్ళు అని అడిగితే, నెలలు అన్నాడు. అత్త మణికట్టు గోక్కుంటూ ఉంటుంది. మానే పుండు దురద పెడుతుందని నాకూ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆమె గోక్కున్నప్పుడల్లా పుస్తకంలో ఆ పేజీ నా కళ్ళ ముందు తెరుచుకుంటుంది. గాయం ఉన్నచోట చీమలు పాకినట్టుంటుందని అందులో రాసుంది.

పొద్దున్నే ఆమె కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచుతుంది. నేను బూట్లు తొడుక్కుంటున్నట్టు నటిస్తూ చూస్తుంటాను. ఇవాళ పట్టేసింది.

"ఏంట్రా, అలా గుడ్లప్పగించి చూస్తావు?"

"ఏం లేదు."

"నీళ్ళేగా." గ్లాసు నా మొహం ముందుకు తెచ్చి చూపించింది. తర్వాత గటగటా తాగింది. గొంతులో ఒక్కో గుక్కా దిగడం నేను చూశాను. ఖాళీ గ్లాసు తలకిందులుగా పట్టుకుని, "చాలా? సరిపోయిందా?" అంది.

"చాలు" అన్నాను.

గ్లాసు అంచు నుంచి ఒక చుక్క నేల మీద పడింది. అది తాగేటప్పుడు మిగిలిన చుక్కో, గొంతు దిగక జారిన చుక్కో నాకు తెలియలేదు. ఆమె టబ్బు నెత్తిన పెట్టుకుని బండి దగ్గరికి నడిచింది. నేను వంగి ఆ చుక్కను అరచేత్తో తుడిచేసి, ఆమె వెనకే వెళ్ళాను.